ఆరు గంటల పన్నెండు నిమిషాల పద్నాలుగు సెకన్లు

డిసెంబరు మొదటి వారంలో ఆ ఆర్మీ పోస్టులో చేరాను. ఉదయం పదీ నలభైకి ట్రక్కు దింపింది. ఎత్తు పద్నాలుగు వేల అడుగులు. చెట్టు లేదు, గడ్డి లేదు. బూడిద రంగు రాళ్ళు, వాటి మీద గాలి. తిరువూరు మే నెల ఎండల్లో లారీ టైర్లు విప్పి బిగించిన ఒళ్ళు నాది. మైనస్ ఇరవై రెండు అంటే ఏమిటో అరగంటలో తెలిసింది.

చోటు పేరు చెప్పకూడదు. పని చెప్పవచ్చు. భూమికి నాలుగైదు వందల కిలోమీటర్ల ఎత్తున ఒక వస్తువు తిరుగుతోంది. ఎవరిదో తెలియదు. పాత రాకెట్టు ముక్కా, ఎవరైనా నడుపుతున్న యంత్రమా అన్నది తేలాలి. ముక్కయితే లెక్క ప్రకారం వస్తుంది. నడిపేవాడుంటే ఏదో ఒక రోజు దారి మారుస్తుంది. ఆ రోజును పట్టుకోవడమే మా డ్యూటీ. ఆ మూల ఆకాశానికి రాడార్ లేదు, మా కళ్ళే దిక్కు.

రెండు గుడిసెలు, మధ్య మూడు కిలోమీటర్లు. ఒకటో గుడిసెలో నేను, హవల్దార్‌ని. రెండో గుడిసెలో ఒక లాన్స్ నాయక్, ఒడిశావాడు, ర్యాంకులో నాకంటే కింద, వయసులో పన్నెండేళ్ళు చిన్న. కింద బంకర్లో కమాండర్, రేడియో ఆపరేటర్. మా ఇద్దరికీ స్టాండు మీద పెద్ద బైనాక్యులర్, స్టాప్‌వాచ్, రిజిస్టరు. తెల్లవారే ముందు, పొద్దుగూకాక మాత్రమే అది కనిపిస్తుంది. అప్పుడు మనకు చీకటి, దానికి ఎండ. వచ్చే టైము ముందు రోజే రేడియోలో చెబుతారు. ఇరవై నిమిషాల ముందు కూర్చోవాలి, ఇరవై నిమిషాల తర్వాత లేవాలి. కమాండర్‌కు రేడియోలో రిపోర్టు ఇచ్చేదాకా మేమిద్దరం మాట్లాడుకోకూడదు. ఒకరిది చూసి ఒకరు రాస్తారని.

రెండు నెలలు అది మా ఊరి పాలవాడికంటే నిక్కచ్చిగా వచ్చింది. చెప్పిన టైముకు మూడు నాలుగు సెకన్లు అటూ ఇటూ. అక్కడే నేను చెడ్డాను.

ఫిబ్రవరిలో ఒక ఉదయం చెప్పిన టైము ఆరూ పన్నెండు, పది సెకన్లు. ఐదూ యాభైకి కోటు వేసుకున్నాను, రెండు జతల గ్లవ్స్ తొడుక్కున్నాను. తలుపు తీశాను. గాలి మొహాన కొట్టింది. తలుపు మూశాను. కిరోసిన్ స్టవ్ పక్కన కూర్చుని రిజిస్టరులో ఆరూ పన్నెండు, పద్నాలుగు సెకన్లు అని రాశాను. నాలుగు సెకన్లు కలిపింది నిజంలా కనిపించాలని. పదహారేళ్ళ సర్వీసులో నేర్చిన తెలివి అందుకు పనికొచ్చింది.

ఆరూ నలభైకి రేడియోలో కమాండర్ గొంతు పలికింది.

"ఒకటి, రిపోర్ట్."

"కనిపించింది సార్. ఆరూ పన్నెండు, పద్నాలుగు సెకన్లు."

"రెండు?"

గరగరలోంచి లాన్స్ నాయక్ గొంతు వచ్చింది.

"రాలేదు సార్."

"మళ్ళీ చెప్పు."

"రాలేదు సార్. ఆరున్నర దాటేదాకా చూశాను."

పదకొండింటికి ఇద్దరినీ బంకర్‌కు పిలిచారు. లాన్స్ నాయక్ కనురెప్పల చుట్టూ చర్మం మంచుకు కమిలి ఉంది. కమాండర్ నన్నడిగాడు, "ఖచ్చితంగా చూశావా?"

"చూశాను సార్."

వాడివైపు తిరిగాడు. "నిద్రపోయావా?"

"లేదు సార్."

"హవల్దార్‌కు కనిపించింది నీకెందుకు కనిపించలేదు?"

వాడు తల దించుకున్నాడు. "తెలియదు సార్."

ఆ సాయంత్రం వస్తువు ఇద్దరికీ కనిపించలేదు. మర్నాడూ అంతే. అది దారి మార్చింది, నడిపేవాడున్నాడు అని హెడ్‌క్వార్టర్స్ తేల్చింది. ఎప్పుడు మార్చింది? నా రిజిస్టరు ప్రకారం ఆ ఉదయం ఆరూ పన్నెండు తర్వాత. ఆ లెక్కతోనే వెతికారు. దొరకలేదు.

రేడియో ఆపరేటర్ ఒకసారి టీ గ్లాసు అందిస్తూ అన్నాడు, "సాబ్, ఒకవేళ వాడి మాటే నిజమేమో. అప్పటికే కదిలిపోయి ఉంటే మనం వేరే వైపు వెతకాలి."

"నేను చూశాను" అన్నాను.

ఆ ఒక్క క్షణం చాలు, నిజం చెప్పడానికి. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందనుకున్నాను. నా ప్రమోషన్ కాగితం అప్పుడే కదులుతోంది. వాడి కాగితంలో "డ్యూటీలో నిద్ర" అని రాసి కిందికి పంపేశారు. ఆ మాట పడినవాడు సర్వీసులో ఇక పైకి రాడు. నేను నాయబ్ సుబేదార్‌నయ్యాను. సిగ్గుగా ఉంది. రాస్తుంటే ఇంకా ఎక్కువగా ఉంది.

రిటైరై తిరువూరు వచ్చాను. పక్క ఊరు పెనుగొలను నుంచి బావమరిది వచ్చి బస్టాండులో దండతో నిలబడ్డాడు. వాడికి సగం కథ చెప్పింది నేనే. ఆగస్టు పదిహేనున స్కూలు స్టేజీ మీద నన్ను కూర్చోబెట్టి మైకులో అన్నాడు, "దాన్ని ఆఖరుసారి చూసింది మా బావేనండి."

హెడ్‌మాస్టరు నా వైపు వంగి అడిగాడు, "ఎలా ఉంటుందండి అది?"

"చుక్కలాగేనండి. కదులుతుంది."

చప్పట్లు కొట్టారు. తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. ఆ లాన్స్ నాయక్‌కు ఉత్తరం రాద్దామని ఎన్నోసార్లు అనుకున్నాను. రాయలేదు.

ఆ వస్తువు ఇప్పుడు కళ్ళకు కట్టదు. వాడు వెళ్ళిన రోజు కడుతుంది. ట్రక్కెక్కే ముందు నా దగ్గరకు వచ్చి సెల్యూట్ చేశాడు.

"మీకైనా కనిపించింది సాబ్, మంచిదైంది. నా కళ్ళలోనే ఏదో తేడా ఉన్నట్టుంది. ఇంటికెళ్ళాక డాక్టరుకు చూపించుకుంటాను."

ట్రక్కు కదిలింది. వాడు వెనక బల్ల మీద కూర్చుని, అరచేత్తో ఒక కన్ను మూసుకుని ఎదుటి కొండను చూశాడు. చెయ్యి మార్చి రెండో కన్ను మూసుకుని చూశాడు. మలుపు తిరిగేదాకా అలా మార్చి మార్చి చూస్తూనే ఉన్నాడు.