జావా సారు చెప్పని జవాబు

మా జావా సారు పోయారని మొన్న పొద్దున ఫోన్ వచ్చింది. చేసింది నాతో పాటు ఆయన దగ్గర చదువుకున్న అమ్మాయి. చాలా నెలలుగా జబ్బుతో ఉన్నారట. ఎవరికీ చెప్పలేదట. నాకు ఏడుపు కన్నా ముందు కోపం వచ్చింది. ఆయన ఎవరికి ఏ సంగతి నేరుగా చెప్పారు గనక, ఇది చెప్పడానికి?

పోయిన మనిషి మీద ఈ కోపమేమిటని మీరు అనుకోవచ్చు. ఆయన దగ్గర ఒక్క నెల జావా నేర్చుకుని ఉంటే మీరూ నాతో గొంతు కలిపేవాళ్లు.

ఎమ్మిగనూరులో మా వీధి చివర, ఒక మిద్దె మీద రేకుల గదిలో ఉండేది ఆయన సెంటరు. నాలుగు కంప్యూటర్లు, నడిచేవి మూడు. వాటి మీద ఆయన స్వయంగా నేసిన తువ్వాళ్లు కప్పి ఉండేవి. పొద్దున్నే ఇంట్లో మగ్గం నేసి, పదింటికి చొక్కా మార్చుకుని జావా చెప్పడానికి వచ్చేవారు. ఆ తువ్వాలు తీయడానికి మాకు అంత సులువుగా అనుమతి దొరికేది కాదు. ముందు పెన్సిలుతో కాగితం మీద రాయాలి. రాసింది మన మాటల్లో ఆయనకు చెప్పాలి. చెప్పలేకపోతే రబ్బరు తీసుకుని ఆయనే చెరిపేసేవారు. వేసవిలో రేకుల కింద ఉడికిపోతూ గంటసేపు రాసింది కళ్లముందే చెరిపేస్తుంటే ఎట్లా ఉంటుందో మీరే చెప్పండి!

మొదటిరోజు మాత్రం గళ్ల కాగితం మీద గీసిన చీర డిజైను చూపించి, "దీన్ని కట్టుకుంటావా పాపా?" అని అడిగారు. నవ్వాం. "కట్టుకోలేవు కదా. ఇది క్లాసు. దీన్ని చూసి నేసిన చీర ఉండాదే, అది ఆబ్జెక్టు. కాగితం ఒకటే, చీరలు ఎన్నన్నా నేస్తావు" అన్నారు. ఆయన నేరుగా చెప్పిన మాట ఆ ఏడాదంతటికీ అదొక్కటే.

నాకు అప్పటికే డిగ్రీలో జావా ప్రాక్టికల్ రెండుసార్లు పోయింది. పుస్తకంలో ప్రోగ్రాములు బట్టీపట్టి వెళ్లేదాన్ని, అక్కడ కొంచెం మార్చి అడిగేవాళ్లు. "ఈసారి తప్పితే చదువు చాలించి మగ్గంలో కూసో" అని మా నాయన తేల్చి చెప్పేశాడు. నాకేమో బళ్లో కంప్యూటర్ టీచర్ కావాలని ఆశ. మగ్గమంటే చిన్నచూపు లేదు గానీ, మగ్గం తొక్కి తొక్కి అరిగిపోయిన మా అమ్మ మోకాళ్లు చూస్తే భయం వేసేది.

పరీక్ష వారం ఉందనగా చీర అనే క్లాసు రాశాను. అంచు రంగు ఒకటి, ఒంటి రంగు ఒకటి. దాన్నుంచి మూడు చీరలు చేసి ఒంటికి ఎరుపు, పచ్చ, నీలం ఇచ్చాను. తెర మీద మూడూ నీలమే. ఎన్నిసార్లు నడిపినా నీలమే. రెండు రంగుల ముందూ స్టాటిక్ అని పెట్టాను మరి. అట్లా పెడితే ఆ విలువ క్లాసు మొత్తానికీ ఒక్కటే, చివర ఇచ్చిన రంగే అన్నిటికీ అంటుకుంటుంది. ఈ ముక్క చెబితే అయిపోయేది. చెప్పారా?

"ఒంటి రంగు అన్నిటిదా, ఒకదానిదా?" అన్నారు.

"అన్నిటిది సార్. పడుగుకంతా ఒకటే రంగు కదా!"

మా ఇంట్లో అంతే. పడుగంటే మగ్గానికి పొడవునా ఎక్కించే నూలు. ఒక పడుగు మీద నాలుగు చీరలు దిగేవి. అడ్డంగా నేసే పేక నూలు కూడా, మాకు నూలిచ్చి కూలికి నేయించుకునే ఆసామి ఒకే రంగుది ఇచ్చేవాడు. పుట్టినప్పటి నుంచి నేను చూసినవి ఒకే రంగు చీరలు నాలుగేసి.

"యాడ తప్పుండాదో చెప్పండి సార్, పరీక్ష దగ్గరికొచ్చె" అని బతిమాలాను. ఆయన కంప్యూటరు మీద తువ్వాలు కప్పేశారు.

"మార్కెట్టు ఎనక మా పెద్దమ్మ మగ్గం ఉండాది. చూసిరా పో."

మిట్టమధ్యాహ్నం. దారి పొడవునా ఆయన్ని తిట్టుకుంటూనే పోయాను. ఆ పెద్దమ్మ ఏ ఆసామి దగ్గరా నూలు తీసుకోదు. ఒకే పడుగు మీద నేసి, కోసి దండెం మీద వేసిన చీరలు రెండు, మగ్గం మీద మూడోది. మూడింటికీ ఎర్రంచే. ఒళ్లు మాత్రం ఒకటి పసుపు, ఒకటి ఆకుపచ్చ, మగ్గం మీదిది ఊదా. "అంచు పడుగులోనే ఉండాది కదమ్మా, అది మారదు. పేక నా ఇష్టం" అంది.

తిరిగొచ్చి ఒంటి రంగు ముందున్న స్టాటిక్ తీసేశాను. మూడు చీరలు మూడు రంగుల్లో వచ్చాయి. ఆయన తొంగిచూసి, "సరే, తువ్వాలు కప్పి పో" అన్నారు. భేష్ అంటే నోరేమైనా అరిగిపోతుందా?

కర్నూల్లో పరీక్షకు బస్సుల మీద క్లాసు రాయమన్నారు. ఏ పుస్తకంలోనూ లేదు. బట్టీపట్టిన వాళ్లు బిక్కమొహాలు వేశారు. డిపో పేరు అన్నిటిదీ, సీట్లు దేనివి దానివే అనుకుంటూ నేను రాసుకుపోయాను. ఎందుకిలా రాశావని అడిగితే జవాబు నా మాటల్లోనే వచ్చింది. నేనిప్పుడు బళ్లో కంప్యూటర్ టీచర్ని. అది ఆయన చలవే. జబ్బని ఒక్క ముక్క చెప్పి ఉంటే, వెళ్లి కాసేపు పక్కన కూర్చునేదాన్ని కదా సార్!

ఫలితాలు వచ్చిన రోజు పొద్దున్నే ఆయన ఇంటికి పరుగెత్తాను. మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని నేస్తున్నారు. పేక నూలును అటూ ఇటూ మోసే నాడెలో పెట్టడానికి, పక్కన వాళ్లమ్మ కండెలకు నూలు చుడుతోంది.

"పాసైనా సార్!"

తల ఎత్తలేదు. "యాడ తడబడితివి?"

"యాడా లేదు సార్."

"ఊఁ" అన్నారు. మగ్గం ఆడుతూనే ఉంది. మా నాయనంతటి వాడికే కళ్లలో నీళ్లు తిరిగాయి, ఈయనకు ఊఁ! ఒళ్లు మండి వెనక్కి తిరిగాను. అప్పుడు వాళ్లమ్మ గట్టిగా అరిచింది.

"కండె అయిపోయి ఎంతసేపాయె! ఉత్త నాడె ఆడిస్తాండావేంరా?"

తిరిగి చూశాను. ఆయన వంచిన తల ఎత్తలేదు. బట్ట ఒక్క పోగు కూడా పెరగడం లేదు. నూలు లేని నాడె ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు పోతూనే ఉంది.