ఎర్రనీళ్ల నోటీసు

ఊళ్లో అందరికీ మా ఆయన రంగుల సారు. ఇంటి మురుగును శుద్ధి చేయకుండా కాలవలోకి వదలడం చట్టప్రకారం నేరం. వదిలేదెవరో పట్టుకోవడం ఆయన ఉద్యోగం. ఇంటింటికీ వెళ్లి మరుగుదొడ్డిలో రంగునీళ్లు పోస్తారు. వెళ్లి కాలవ గట్టున కూర్చుంటారు. రంగు తేలిందా, ఆ ఇంటికి నోటీసు. నెలలోగా బాగుచేయించకపోతే నీళ్ల కనెక్షన్ కట్. సొంత బావమరిదని కూడా చూడకుండా మా తమ్ముడికీ నోటీసు ఇచ్చారు. ఆ కోపం నాకింకా పోలేదు.

రెండేళ్లుగా ఆయనకు మనశ్శాంతి లేదు. కాలవ పక్కన కుట్టుపని చేసుకునే ఆవిడ బావినీళ్లు చెడిపోయాయి. ఆమె కూతురికి రెండుసార్లు కామెర్లు వచ్చి ఒక ఏడాది చదువు పోయింది. "ఎవరిదో పట్టుకుంటానమ్మా" అని మాటిచ్చారు. వీధిలో ప్రతి ఇంటా రంగు పోశారు, మా ఇంట్లో తప్ప.

"మనింట్లోనూ ఓసారి పోసి చూడరాదూ?" అన్నాను.

"దొడ్లో సెప్టిక్ ట్యాంకు కట్టింది మా నాన్న. తాపీపనిలో ఆయనకు వంక పెట్టినవాడు లేడు. నీకన్నీ అనుమానాలే!" అని నవ్వేశారు. మా మామగారి పేరెత్తాక మా ఇంట్లో ఇక వాదన ఉండదు.

మొన్న మంగళవారం ఆయన ప్యాంటు జేబు చూసుకోకుండా బాత్రూంలో నానబెట్టాను. జేబులో రంగు పొట్లం ఉంది. బకెట్టంతా ఎరుపు. తిట్టుకుంటూ ఒంపేశాను.

అదే వేళకు ఆయన కుట్టుపనావిడతో గట్టున నిలబడి, చివరింట్లో పోసిన ఆకుపచ్చ రంగు కోసం చూస్తున్నారట. ఎర్రగా వచ్చింది. ఎరుపు పొట్లం ఇంట్లో మరిచిపోయానని అప్పుడు గుర్తొచ్చింది. పరుగున వచ్చి నా ఎర్రటి చేతులు చూసి, గునపం అందుకున్నారు.

దొడ్డంతా తవ్వారు. ట్యాంకు లేదు. తిన్నగా కాలవవైపు పోయే గొట్టం ఒక్కటే ఉంది. "నాన్నా..." అంటూ ఆ మట్టిలోనే కూలబడ్డారు. ఆయన మీద నాకంత జాలి ఎప్పుడూ కలగలేదు.

నోటీసు రాశారు. ఇచ్చినవారు, అందుకున్నవారు, రెండుచోట్లా ఆయన పేరే. వీధివాళ్లు ఒకరు సాక్షి సంతకం పెట్టాలి. కాగితం పట్టుకుని కుట్టుపనావిడ ఇంటికి వెళ్లారు. నేనూ వెంట వెళ్లాను.

ఆవిడ చదివి, "రెండేళ్లు మా అరుగు మీదే కూర్చుని కాలవ చూశారు కదా సారూ" అంది. లోపలికి తిరిగి కూతురిని కేకేసింది.

"అమ్మాయ్, నువ్వొచ్చి పెట్టు సంతకం. పద్దెనిమిది నిండాయిగా."

పిల్ల గోడ పట్టుకుని మెల్లగా వచ్చింది. కాగితమంతా చదివి, సంతకం పెట్టి, అడిగింది.

"నెల గడువంటే, ఇంకో నెల మాకు ఆ నీళ్లేనా అంకుల్?"

ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. నేరుగా ఇంటికొచ్చి మా నీళ్ల కనెక్షన్ తనే కట్ చేసేశారు. నేను అడ్డు చెప్పలేదు.