‘పుట్ అప్ విత్’కు రమణమ్మ చెప్పిన వాక్యం

బేతంచెర్లలో సాయంత్రం పూట స్పోకెన్ ఇంగ్లీష్ చెబుతుంటాను. ఈ రోజు పాఠం ‘పుట్ అప్ విత్’. అంటే ఓర్చుకోవడం. నాలుగుసార్లు వివరించి గొంతు ఎండిపోయింది కానీ, సొంతంగా ఒక్క వాక్యం చెప్పమంటే ఎవరూ నోరు మెదపలేదు. ఇక చాలనుకుని పుస్తకం మూయబోతుంటే వెనక బెంచీలోంచి రమణమ్మ లేచింది. ఆమె బండల పాలిష్ ఫ్యాక్టరీలో కూలి. అక్కడి ఆఫీసులోనే ఫోన్లెత్తే ఉద్యోగానికి రేపు ఆమెకు ఇంటర్వ్యూ.

“పుట్ అంటే పెట్టు, అప్ అంటే పైకి అని మీరే చెప్తిరి. అన్నీ కలిస్తే ఓర్చుకునేది యాడ నుంచి వచ్చె సార్?”

“నాకూ తెల్దమ్మా. అట్లనే వాడతారు. నువ్వొక వాక్యం చెప్పు.”

కాసేపు పెదాలు కదిలించుకుని, “ఐ పుట్ అప్ విత్ డస్ట్ ఫర్ లెవెన్ ఇయర్స్,” అంది.

పదకొండేళ్ల దుమ్ము. దిద్దడానికి నాకేమీ దొరకలేదు. బాగుందని మాత్రం అన్నాను.

వెళ్లేముందు ఆమె నా దగ్గరికొచ్చి, “ఆఫీసులో గూడా ఓర్చుకునేది ఉంటాదా సార్?” అని అడిగింది.

“ఉంటాదమ్మా. దుమ్ము మాత్రం ఉండదు,” అన్నాను.

ఫోన్లెత్తే ఉద్యోగం చేసినవాళ్లు చెప్పండి, నేను ఆమెకు నిజమే చెప్పానా?