తెనాలిలో రోలర్లెక్కిన మా లారీ

మొన్న తెనాలి నుంచి ఒక మనిషి వచ్చి కార్డు ఇచ్చి వెళ్లాడు. మా తమ్ముడు తన మెకానిక్ షెడ్డు పక్కనే ఇంకో రేకుల షెడ్డు వేసి, లారీ ఇంజను బలం కొలిచే మిషను పెట్టిస్తున్నాడట. ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరుగారి ప్రార్థన, భోజనాలు అక్కడే. కింద పెన్నుతో ‘అక్కా, నువ్వు తప్పకుండా రావాలి’ అని రాశాడు. అక్షరాలన్నీ ఎడమవైపుకు వాలి ఉన్నాయి. చిన్నప్పుడు ఎడంచేత్తో రాస్తున్నాడని మా అమ్మ స్కేలు తీసుకుంటే అడ్డం పడేది నేనే. కార్డు చదువుకుని కాసేపు నవ్వుకున్నాను. బాపట్లలో రిటైరైన లెక్కల టీచర్లు చాలామందే ఉన్నారు గాని, ఆ మిషను ఎలా పనిచేస్తుందో తెలిసినదాన్ని బహుశా నేనొక్కదాన్నే. ఆ చదువు నాకు అబ్బింది వాడి వల్లే.

మా వారికి లారీ అంటే మోజు. కొందరు మగవాళ్లకు పేకాట, కొందరికి ఎన్నికలు, ఆయనకు ఆరు చక్రాల బండి. ఉన్నదంతా ఊడ్చి ఒకటి కొన్నారు. నిజాంపట్నం రేవులో చేపలు, రొయ్యలు ఐసు పెట్టెల్లో ఎక్కించుకుని చెన్నై మార్కెట్టుకు తోలడం దాని పని. ఖాళీగా వచ్చిన రోజు మా ఇంటి ముందే ఆగేది. మా వీధిలో పిల్లులన్నీ దాని చుట్టూ చేరి, కదలని ఆ బండిని ఎంతో గౌరవంగా చూస్తుండేవి. నా చీరలకు కూడా చేపల వాసన పట్టిందని స్టాఫ్ రూములో అనుకునేవారట. నా వరకు ఎవరూ తేలేదు. మా వారు గుండె ఆగి హఠాత్తుగా పోయాక, లారీ అమ్మెయ్యమని అందరూ చెప్పారు. నేను అమ్మలేదు. ఇద్దరు మనుషుల ధైర్యం ఉండేది నాకు. బండికి ఏ రోగం వచ్చినా చూసుకునే తమ్ముడు ఒకడు, దాన్ని తోలే డ్రైవరు ఒకడు.

డ్రైవరుది రేపల్లె. నాకన్నా పదేళ్లు పెద్ద. నేను అన్నయ్యా అని పిలిచేదాన్ని. మాట తక్కువ మనిషి. బండి స్టార్టు చేశాక వెంటనే కదిలించేవాడు కాదు, దిగి ముందుకొచ్చి, బానెట్ మీద అరచెయ్యి పెట్టి కాసేపు నిలబడేవాడు. పసిపిల్లకు జ్వరం చూసినట్టుండేది. మా వారు ఉన్నప్పుడు ఆ చాదస్తానికి ఇద్దరం నవ్వుకునేవాళ్లం.

ఒక ఎండాకాలం తెనాలిలో తమ్ముడి షెడ్డులో ఇంజను విప్పి మళ్లీ బిగించారు. అప్పటి నుంచి బండి చెన్నైకి ఆలస్యంగా చేరడం మొదలైంది. ముందు గంట, తర్వాత రెండు గంటలు. అన్నయ్య ఇంటికొచ్చి, మెట్ల మీద కూడా కూర్చోకుండా, “అమ్మా, బండికి పుల్లింగ్ లేదు. లోడు మీద ఎవరో గొంతు పట్టుకున్నట్టుంటోంది. డీజిల్ పంపు ఒకసారి వేరేచోట చూపిద్దామండి” అన్నాడు. నేను తమ్ముడికి ఫోను చేశాను. వాడు నవ్వి, “బండి బంగారంలా ఉందక్కా. ఆయనే దారిలో పక్కన పెట్టి పడుకుంటున్నాడు. వయసైపోయింది కదా. నువ్వు చెప్పలేకపోతే నేను చెప్తాను” అన్నాడు.

నేనే చెప్పాను. ఆ పాపం వాడి మీదకు తోయను. రేపటి నుంచి రావద్దన్నయ్యా అంటే, ఆయన తాళాలు గుమ్మం దగ్గర పెట్టి, “పడుకున్నానని మీరు కూడా అనుకుంటున్నారా అమ్మా?” అని అడిగాడు. ముప్ఫై ఏళ్లు పిల్లల్ని నిలబెట్టి ప్రశ్నలు అడిగినదాన్ని, ఆ ఒక్కదానికి జవాబు చెప్పకుండా లోపలికి వెళ్లిపోయాను.

ఆ నెలలోనే తమ్ముడు సొంతంగా లారీ కొన్నాడు. దానికి మొదటి దండ వేసింది నేనే. మరో నాలుగు రోజులకు నిజాంపట్నం నుంచి చేపల వ్యాపారి ఫోను చేశాడు. “టీచరమ్మగారూ, మీ బండి వెళ్లేసరికి ఐసు కరిగిపోయేదండి, ఇప్పుడు డ్రైవరూ లేడు. ఎటూ మీ తమ్ముడిగారి బండి ఉంది కదండి, లోడు దానికిస్తున్నాం” అన్నాడు. పోనీలే, బయటివాళ్లకు పోలేదు కదా అనుకున్నాను. సంతోషించాను కూడా.

పొన్నూరు మిల్లుల్లో బియ్యం లోడు దొరికితే కొత్త డ్రైవర్ని పెట్టుకున్నాను. కుర్రవాడు, నిద్రపోయే రకం కాదు. వారం తిరక్కుండా వచ్చి, “లోడు మీద లాగట్లేదండి, గొంతు పట్టేసినట్టుందండి” అన్నాడు. ఒకరినొకరు ఎన్నడూ చూడని ఇద్దరు డ్రైవర్లు ఒకే మాట ఎలా అన్నారు? లెక్కల టీచరుకు అది చాలు. ఈసారి తమ్ముడికి ఫోను చేయలేదు. ఎందుకు చేయలేదో అప్పుడు నన్ను నేను అడగలేదు.

తెనాలి పొలిమేరలో ఒక వర్క్‌షాపులో ఇంజను బలం కొలిచే డైనో మిషను కొత్తగా వచ్చిందని విన్నాను. నడిపేవాడు ఒకప్పుడు నా దగ్గర పదో తరగతి చదివినవాడే. లారీ వెనక చక్రాలను నేలలో అమర్చిన పెద్ద ఇనుప రోలర్ల మీదికి ఎక్కించి, బండిని నాలుగు వైపులా గొలుసులతో కట్టేశారు. “బండి ఎంత బలంగా తిప్పితే రోలర్లు అంత బలంగా ఆపుతాయి టీచర్. ఆపడానికి ఎంత బలం పట్టిందో అదే మీ ఇంజను సత్తా” అని చెప్పి కుర్చీ వేశాడు. ఆ కుర్చీలో నేను కూర్చోలేకపోయాను. ఉన్నచోటే ఉండి లారీ పెట్టిన రొదకు రేకులు అదిరాయి, కాళ్ల కింద నేల వణికింది. తెర మీద ఒక గీత పైకి పాకుతూ వచ్చి, నూటపది గుర్రాల బలం రావలసిన చోట డెబ్బై దగ్గరే కత్తిరించినట్టు ఆగిపోయింది.

గ్రాఫులు నేర్పి బతికినదాన్ని. అలసిపోయి వంగిన గీతకూ, అడ్డుకుంటే ఆగిన గీతకూ తేడా నాకెవరూ చెప్పక్కర్లేదు. అయినా అడిగాను. “అరిగిపోయిన ఇంజను కాదండి. అరిగితే పొగ కక్కుతుంది, ఇది శుభ్రంగా ఉంది. ఎవరో డీజిల్ తగ్గించారు” అన్నాడు. బానెట్ ఎత్తి చూపించాడు. డీజిల్ పంపు మీద ఒక స్క్రూ, దాన్ని ఎవరూ ముట్టుకోకుండా కంపెనీవాళ్లు తీగ చుట్టి సీలు వేస్తారట. ఆ సీలు లేదు. కొత్త తీగ చుట్టి ఉంది. మెలిక ఎడమవైపుకు తిరిగి ఉంది. స్క్రూ సరిచేసి మళ్లీ నడిపితే రెండో గీత మొదటిదాన్ని దాటుకుని పైకి వెళ్లిపోయింది. ఆ రెండు గీతల కాగితం మడిచి సంచిలో పెట్టుకుని, అటునుంచి అటే షెడ్డుకు వెళ్లాను.

తమ్ముడు క్యారేజీ విప్పుకుని అన్నం తింటున్నాడు. కాగితం చూశాడు. అర్థం కానట్టు నటించలేదు, అది మాత్రం వాడికి మిగిలిన మర్యాద. “బావ ఉన్నన్నాళ్లూ ఆ బండికి నేనే చాకిరీ చేశానక్కా. నాకంటూ ఏం మిగిలింది? నువ్వు పెన్షన్ వచ్చేదానివి. విసిగిపోయి నీ అంతట నువ్వే అమ్మేస్తావనుకున్నా” అన్నాడు.

“లోడు నాకిమ్మని అడిగుంటే ఇచ్చేదాన్ని కదరా.”

“అడిగితే నువ్వు ఇచ్చినట్టుంటుంది, నాదైనట్టుండదు” అన్నాడు, అన్నం వైపు చూస్తూ.

అప్పటికి నాకు ఏడుపు రాలేదు. బయటికొచ్చాక, వాడికి మజ్జిగ తెచ్చారో లేదో అని అలవాటుగా మనసులో మెదిలింది. నా మీద నాకే అసహ్యమేసింది. అప్పుడొచ్చింది.

మర్నాడు రేపల్లె వెళ్లాను. దారిలో నిద్రపోతాడన్న మాట లారీల వాళ్లందరికీ చేరిపోయి, ఆయనకు ఎవరూ బండి ఇవ్వలేదట. ఐసు ఫ్యాక్టరీలో మూడు చక్రాల బండి తొక్కుతున్నాడు. వాళ్లింటి అరుగు మీద కాగితం పరిచి, వేలు పెట్టి చూపించాను. కింది గీత మీరు తోలిన బండి, పై గీత అసలు బండి అని చెప్పాను. తమ్ముడి పేరు చెప్పడానికి నోరు రాలేదు, ఆయనా అడగలేదు.

“మీరు చెప్పిందే నిజం అన్నయ్యా” అన్నాను.

“నాకు తెలుసు కదమ్మా. మీకు తెలియడానికే మిషను కావాల్సొచ్చింది” అన్నాడు. కోపంగా అనలేదు. లోపలికి తిరిగి భార్యతో, టీచరమ్మగారికి కాఫీ పెట్టమన్నాడు.

మళ్లీ బండెక్కమని బతిమాలాను. ఇక ఓపిక లేదమ్మా అన్నాడు. నాకు అన్నం పెట్టిన తమ్ముడు కాదు వాడు, నేను అన్నం పెట్టి పెంచిన తమ్ముడు. వాడు చేసింది ఇప్పటికీ మనసులో మండుతుంది. అయినా పదేళ్లు ఎండలో వానలో నా బండి తోలిన మనిషిని ఒక్క ఫోను మాటకు పనిదొంగను చేసింది వాడు కాదు. ఆ తర్వాత అయినవాళ్ల పెళ్లిళ్లలో తమ్ముడితో మాట్లాడుతూనే ఉన్నాను. రేపల్లె మాత్రం వెళ్లలేదు. తోలడానికి బండి దొరకని ఆ నెలలు ఆ ఇంట్లోవాళ్లు ఎలా గడిపారో ఒకసారి అడగాలని ఉండేది. కొన్నాళ్లు పోతే అడగడం తేలికవుతుందిలే అని ఆగాను. పోయిన ఏడాది ఆయన పోయారని ఎవరో చెప్పారు. ఏళ్లు గడిస్తే ఏదైనా తేలికవుతుందనుకున్నాను గాని, గడవడం తప్ప అవి మన బదులు ఏ పనీ చేసిపెట్టవు.