మూత వేసి చూసిన రోజు

విమానాల పని అంటే మా జనగామలో ఇప్పటికీ నేను రెక్కలెక్కి తిరుగుతాననుకుంటారు. నిజానికి నాకు విమానం కనబడదు. దానిలోంచి విప్పిన పెట్టెలు మాత్రం నా బల్ల మీదికొస్తాయి. పొద్దున రైల్లో సికింద్రాబాద్ పోవడం, రోజంతా తెర మీద పల్సులు చూడడం, సాయంత్రం రైల్లో నిలబడి తిరిగి రావడం. ఆ ఏడు ఎంత అలసిపోయానంటే, ఒకసారి నిలబడే నిద్రపోయి, జనగామ దాటిపోయి రఘునాథపల్లిలో కళ్లు తెరిచాను.

ఆ రోజుల్లోనే ఆ పెట్టె మూడోసారి వచ్చింది. దూరం కొలిచే పెట్టె అది. విమానం నుంచి జంటలు జంటలుగా రేడియో పల్సులు పంపుతుంది, నేల మీది కేంద్రం జవాబిస్తుంది, పోయి వచ్చిన సమయాన్ని బట్టి పైలట్ ముందు దూరం అంకె పడుతుంది. జంటలో ఒకటి తప్పిపోతే కేంద్రం పలకదు. పైలట్ల ఫిర్యాదు ప్రతిసారీ ఒకటే: కొంతసేపు ఎగిరాక అంకె మాయమవుతోంది. నా బల్ల మీద మాత్రం వంక పెట్టడానికి లేకుండా పనిచేసేది. రెండుసార్లూ ‘దోషం కనబడలేదు’ అని చీటీ కట్టి, నా ముద్ర కొట్టి పంపాను. ఈసారి కూడా అలాగే పోయి తిరిగొస్తే నా ముద్ర తీసేసుకుంటారు. ముద్ర లేనివాడికి అక్కడ స్క్రూలు విప్పే పనే మిగులుతుంది. దానికి భయమేసింది. మబ్బుల్లో దూరం తెలియకుండా కూర్చునే ఆ పైలట్‌ను తలుచుకుంటే ఇంకా భయమేసింది.

మా సూపర్‌వైజర్‌ది భూపాలపల్లి దిక్కు రేగొండ. నాకంటే చిన్నవాడు. కస్టమర్ల ముందు సినిమా తెలుగు, నా దగ్గరికొస్తే ఊరి మాట.

“ఏంది అన్న, మళ్ల గిదేనా? పెట్టెల ఏం లేదు, పైలట్లకే పరేషాన్. జర జల్ది పంపియ్యి, విమానం ఆగి ఉన్నది.”

“సోమారం దాక ఉండనియ్యి,” అన్నాను. వాదించే ఓపిక లేదు.

ఆదివారం పొద్దున దవాఖానకు పోయాను. కొన్నాళ్లుగా సాయంత్రమయ్యేసరికి తల తిరుగుతోంది, మెడ వెనక బరువుగా ఉంటోంది. కంటినిండా నిద్రపోయి, తీరిగ్గా టీ తాగి పోయాను. బీపీ చూసి, అంతా బాగానే ఉందన్నారు. ఇంటికొచ్చి మా ఆవిడకు చెప్పాను. ఆమెది మహబూబాబాద్, మాట నాన్చే మనిషి కాదు.

“మంచిగ పండుకొని లేచి పోతే ఏం కనబడ్తది? రైలు దిగి గోడ పట్టుకొని నడుస్తవు సూడు, గప్పుడు పోయి చూపిచ్చుకో.”

నాకు కోపమొచ్చింది. అన్నం తింటుండగా ఆ కోపం కాస్తా ఆమె మీంచి మా రిపేరు షాపు మీదికి మళ్లింది. మా దగ్గర ఏ పెట్టె వచ్చినా మొదట మూత తీస్తాం. దుమ్ము ఊది, ఫ్యాను పెట్టి, ఆ తర్వాతే కరెంటు ఇస్తాం. అందరమూ అలాగే నేర్చుకున్నాం, అలాగే నేర్పాం. ఏసీ గదిలో చల్లగా కూర్చోబెట్టి, నీకేం నొప్పి అని అడిగితే అది మాత్రం ఏం చెబుతుంది?

సోమవారం మూత తీయలేదు. ఫ్యాను ఆపేసి, పైన మందపాటి గుడ్డ కప్పి కరెంటు ఇచ్చాను.

“గిదేంది అన్న, దానికి చలి పెడ్తున్నదా?” అన్నాడు సూపర్‌వైజర్.

భోజనాలయ్యాక తెర మీద జంటలో రెండో పల్సు సన్నబడింది, కాసేపు ఊగింది, పోయింది. దూరం అంకె కూడా పోయింది. సూపర్‌వైజర్ నవ్వు ఆపి పక్కన నిలబడ్డాడు. మూత తీసి కాస్త గాలి తగలనివ్వగానే రెండూ తిరిగొచ్చాయి. లోపల ఒక అతుకులో సన్నని పగులు, వేడెక్కితే విచ్చుకుంటోంది. అతుకు కొత్తగా వేసి, మళ్లీ మూత బిగించి, గుడ్డ కప్పి సాయంత్రం దాకా నడిపాను. అంకె కదలకుండా నిలబడ్డాక ముద్ర కొట్టాను.

“బతికిచ్చినవ్ అన్న,” అన్నాడతను. సంతోషపడాల్సిన మాటే. నాకు మాత్రం ఎక్కడైనా కూర్చుంటే చాలనిపించింది.

రైల్లోంచి మా ఆవిడకు ఫోన్ చేసి దవాఖానకు రమ్మన్నాను. జనగామలో దిగి, ఇంటికి పోకుండా, ముఖమైనా కడుక్కోకుండా నేరుగా అక్కడికే పోయాను. ఆమె బయట బెంచీ మీద కూర్చుని ఉంది.

“జర కూసో అన్న, ఆయాసం తగ్గినంక చూస్త,” అన్నాడు కంపౌండర్.

“వద్దు తమ్మి, గిట్లనే చూడు.”

చూశాడు. బీపీ పట్టీ విప్పి, రెండో చేతికి కట్టి మళ్లీ చూశాడు. తర్వాత నా వైపు చూడకుండా అడిగాడు.

“అన్న, తోడు ఎవలన్న వచ్చిన్రా?”

నేను తల తిప్పేసరికి మా ఆవిడ అప్పటికే గుమ్మంలో నిలబడి ఉంది.