గురువారం సీసా

నా చిన్నప్పుడు, ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన మరుసటి ఏడు, నాకు పదేళ్లు నిండి నాలుగు నెలలు. జమ్మలమడుగుకు పెన్న అవతల మా ఊరు. మా వదినకు ఏడో నెల. ప్రతి గురువారం జమ్మలమడుగు ఆస్పత్రి నుంచి ఒక నర్సమ్మ వచ్చి, బడి వసారాలో కూర్చుని గర్భిణులను చూసేది. సీసాల్లో తెచ్చిన మూత్రాన్ని గాజు గొట్టంలో పోసి, స్పిరిట్ దీపం మీద కాచి చూసేది.

వదిన సిగ్గుపడి బయటికి వచ్చేది కాదు. సీసా మోసే పని నాది. ఆ నెల వదిన కాళ్లు ఉబ్బాయి. మా జేజి, అంటే మా నాయన తల్లి, సంబరపడింది. నీరు పడితే మగబిడ్డేనని ఆమె నమ్మకం. కానీ సీసాలోని నీళ్లను నిప్పు మీద పెడితే కడుపులో బిడ్డకు సెగ తగులుతుందని భయం. ఒక గురువారం సీసా నా చేతిలోంచి లాక్కుని పేడదిబ్బ మీద కుమ్మరించింది.

“నువ్వు పోసి ఇయ్యి మ్మే. ఎవరివైతే ఏంది, ఆయమ్మకు యాడ తెలుస్తాది!”

నాకు నవ్వొచ్చింది. అలాగే చేశాను. ఎంత కాచినా గొట్టం తేటగానే ఉంది. నర్సమ్మ తన పుస్తకంలో వదిన పేరుకు ఎదురుగా బాగుందని రాసుకుంది. దారి పొడవునా నవ్వుకుంటూ ఇంటికొచ్చాను.

మరుసటి గురువారం వదిన ఎలా ఉందని నర్సమ్మ అడిగింది. రెండు రోజులుగా తలనొప్పి, కళ్ల ముందు మెరుపులు అని చెప్పాను. ఆమె దీపం ఆర్పి, సంచి సర్దుకుని నా వెంట వచ్చేసింది. వదిన కాలి మీద బొటనవేలితో నొక్కితే గుంట అలాగే నిలిచింది. తనే దగ్గరుండి సీసా పట్టించి, మా అరుగు మీద దీపం వెలిగించింది. గొట్టంలో పైనీళ్లు తెల్లబడి గడ్డలు కట్టాయి.

“గుడ్డు తెల్లసొన ఉడికినట్ల లేదూ? ఒంట్లో ఉండాల్సింది నీళ్లల్లో పోతాంది పాపా,” అని నా వైపు తిరిగింది. “పోయిన వారానివి ఎవరివి?”

జేజి నేల చూసింది. నావేనన్నాను. నర్సమ్మ కొట్టలేదు, అరవలేదు. ఆ గురువారం నుంచి ఈ గురువారానికి ఎన్ని దినాలని అడిగింది. ఏడు అన్నాను. మరిచిపోవద్దంది. జేజితో మాత్రం, “బండి కట్టీయండి పెద్దమ్మా,” అంది, అంతే.

పెన్న ఇసుకలో చక్రాలు దిగబడితే అన్న, నర్సమ్మ తోశారు. జేజి వదిన తలను ఒళ్లో పెట్టుకుంది. ఆస్పత్రిలో వదినకు రెండుసార్లు మూర్ఛ వచ్చింది. వదిన బతికింది. బిడ్డ ప్రాణం లేకుండా పుట్టాడు. మగపిల్లవాడే. పంతొమ్మిదో రోజు వదిన ఒట్టి చేతులతో ఇల్లు చేరింది.

వారం ముందే తెలిసుంటే బిడ్డ బతికేవాడా అని నర్సమ్మను అడిగాను. చెప్పలేనంది. అబద్ధంతో ఓదార్చనందుకు ఆమె మీద నాకు ఇప్పటికీ గౌరవం. ఆ రోజే కాగితం ముక్కలు, బంక నా చేతికిచ్చింది. ప్రతి మనిషినీ ఎదురుగా అడిగి, సీసా మీద పేరు, తేదీ రాసే పని ఇక నాదే. అబద్ధమాడిన పిల్లకు ఆ పని ఎందుకిచ్చిందో అప్పుడు తెలియలేదు. రెండేళ్లకు వదిన మళ్లీ నీళ్లోసుకున్నప్పుడు, జేజి తనే సీసాను కొంగు చాటున పట్టుకుని బడికి వచ్చి, “పేరు సరింగా రాయి మ్మే,” అంది.

మొన్న కడుపుతో ఉన్న మనవరాలి వెంట ప్రొద్దుటూరులో ల్యాబుకు పోయాను. ఇప్పుడు కాచే పని లేదు. కాగితపు పట్టీ ముంచితే రంగు మారుతుంది. వాపు రాకముందే ఈ జబ్బును పసిగట్టే గుర్తుల కోసం కూడా మూత్రంలో వెతుకుతున్నారని డాక్టరమ్మ చెప్పింది. విని సంతోషించాను. తర్వాత మనవరాలు పట్టిచ్చిన డబ్బా తిప్పి, దాని మీది పేరు, తేదీ చదివాను.

“ఏందవ్వా, పోలీసోళ్ల మాదిరి!” అని మనవరాలు నవ్వింది.

నవ్వనిచ్చాను. ఏ పరీక్షయినా మనం తెచ్చిచ్చిన నీళ్లనే కదా చూసేది. ఇన్నేళ్లలో ఎన్నో లెక్కలు వేశాను, మరిచిపోయాను. ఆ ఏడు దినాలను మాత్రం మరిచిపోలేదు.