పురికొస బిగించిన చెయ్యి

పోయినవాటిని ముందే చెప్పేస్తాను. కుడిచేతి చివరి రెండు వేళ్లు. మా చేతికి రావలసిన మొదటి వరి పంట. బండల డిపోలో రాతపని. ఊళ్లో తలెత్తుకుని మాట్లాడే ధైర్యం. వీటిలో పాము తీసుకున్నది ఒక్కటీ లేదు.

మాది పులివెందుల వైపు మెట్ట పల్లె. అక్కడ మేము ఎరిగినవి నాగుబాము, కట్లపాము, రక్తపింజరి. పాము కనబడితే చంపడమో పారిపోవడమో తప్ప మూడో ఆలోచన ఉండేది కాదు. ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్తలో నేను జమ్మలమడుగులో నాపబండల డిపోలో బండల కొలతలు లెక్కకట్టి రాసేవాణ్ని. చదివి నేర్చిన లెక్క కాదు, సొంతంగా పట్టుకున్నది. ఆ రోజుల్లోనే ప్రొద్దుటూరు దగ్గర కాలువ కింద కొంచెం మడి గుత్తకు తీసుకున్నాం. మా వంశంలో బురదలో దిగి సేద్యం చేసినవాణ్ని నేనే మొదలు.

ఒకరోజు పొద్దున చివరి విడత కలుపు తీస్తుంటే చిటికెనవేలికి ముల్లు గుచ్చుకున్నట్టయింది. చెయ్యి ఎత్తితే చారల పాము వేలాడుతోంది. విదిలించాను. నా బావమరిది ఓబులేసు దాన్ని పారతో కొట్టాడు.

"కట్లపామే బావా! చారలు సూడు!"

కొలతల కోసం నా మొలలో ఎప్పుడూ పురికొస ఉండేది. చిటికెనవేలూ దాని పక్కవేలూ కలిపి మొదళ్ల దగ్గర చుట్టి, కొసను పళ్లతో పట్టి బిగించాను. ఆస్పత్రి దారిలో వంక పొంగి పారుతోంది, బండి దాటదు. గట్టుమీదే కూర్చున్నాం. నా భార్య వేపాకు తెచ్చి నమలమంది. ఆకు చేదు తెలియకపోతే విషం ఎక్కినట్టని మా వైపు నమ్మకం.

"ఎట్లుంది?"

"చేదు."

"శానా చేదా?"

"నోరంతా చేదే."

"అట్లయితే ఇసం ఎక్కలేదు గదా! ఆ తాడు ఇప్పు. ఏళ్లు నల్లగైతాండాయి."

"తాడు ఉండబట్టే ఎక్కలేదే పిచ్చిదానా!"

అదీ నా లెక్క. ఆకు చేదుగా ఉన్నకొద్దీ తాడు పనిచేస్తోందని నమ్మకం పెరిగింది. వేళ్లు భరించలేనంత నొప్పి పెట్టాయి, తరవాత తిమ్మిరెక్కాయి, ఆపైన ఏమీ తెలియలేదు. నయమవుతోందనుకున్నాను. ఆమె రెండుసార్లు ముడి మీద చెయ్యి వేసింది. రెండుసార్లూ ఆ చేతిమీద కొట్టాను.

వంక తగ్గి ఆస్పత్రి చేరేసరికి సాయంత్రమైంది. డాక్టరు ముందు పురికొస కత్తిరించాడు. ఓబులేసు కుండలో తెచ్చిన పామును తరవాత చూశాడు. పార తగిలి దాని కడుపు చీలింది. లోపల పిల్లలు ఇంకా కదులుతున్నాయి.

"ఇది బురదలో ఉండే నీళ్లపాము. చేపలు, కప్పలు తింటుంది. వెనక పళ్ల దగ్గర కాస్త విషం ఉంటుంది, అది చేపకు చాలు. మనిషికి మహా అయితే వాపు. గుడ్లు పెట్టదు, పిల్లల్నే కంటుంది. మీ చెయ్యి మీద పడితే భయపడి కరిచింది."

"మరి ఏళ్లు సార్?"

"రక్తం ఆపింది మీరు. రక్తం అందక వేళ్లు కుళ్లుతున్నాయి, ఇది గ్యాంగ్రీన్."

పెన్సిలిన్ ఇంజెక్షన్లు ఇచ్చారు, రోజూ డ్రెస్సింగ్ చేశారు. చిటికెనవేలు తీసేశారు. ఇంటికి పంపుతామనుకున్నంతలో సెప్టిక్ అయి జ్వరం తిరగబెట్టింది. పక్కవేలూ తీశారు. "అరచేతిలోకి పాకితే చెయ్యే ఆంప్యుటేషన్ చేసి తీసెయ్యాలి" అన్నాడు డాక్టరు. కోతల కాలమంతా నేను ఆ మంచం మీదే ఉన్నాను. ఇంటివాళ్లంతా ఆస్పత్రి చుట్టూ తిరుగుతుంటే, చూసేవాళ్లు లేక పంట మడిలోనే రాలిపోయింది.

పక్కమంచం రైతు రోజూ అడిగేవాడు: "ఏం మామా, నిన్ను కరిసింది పామా, పురికొసా?"

వార్డంతా నవ్వేది. నాకు అన్నం కలిపి పెడుతున్న నా భార్య మాత్రం నవ్వలేదు. "నేను చెప్పలేదా" అని ఒక్కనాడూ అనలేదు. వార్డు నవ్వుకన్నా దానికే నాకు తల వంగిపోయేది.

చెయ్యి దక్కింది. డిపోలో అప్పటికే ఇంకొకరిని పెట్టుకున్నారు. కుడిచేతిలో కలం నిలవక ఎడమచేత్తో రాయడం నేర్చుకున్నాను. వేళ్ల కణుపుల మీద లెక్కపెట్టేవాణ్ని, పన్నెండు దాకా పోయే చెయ్యి ఇప్పుడు ఆరు దగ్గరే ఆగుతుంది. అదే మడి ఇప్పటికీ చేస్తున్నాం. దిగేముందు కర్రతో బురద కదిలిస్తే పాములు వాటి దారిన తప్పుకుంటాయి. ఓబులేసు ఇప్పుడు వాటి మీద పార ఎత్తడు.

చదివేవాళ్లకు చెప్పేది ఒకటే. ఏ పాము కరిచినా తాడు బిగించకండి. అది ఏ పామో మీరే తేల్చుకోకండి. కరిచిన కాలో చెయ్యో కదపకుండా నేరుగా ఆస్పత్రికి పోండి.

మొన్న వానాకాలంలో కాలువగట్టున ఒకతన్ని ఏదో పాము కరిచింది. అతని అన్న తుండుగుడ్డ మెలిపెట్టి కాలికి చుట్టబోతున్నాడు. పైపంచె కింద దాచుకునే చెయ్యి తీసి అతని ముఖం ముందు పెట్టాను.

"ఏందప్పా ఇది? ఏమైంది?"

"పాము కరిసిందని నేనే బిగించి కట్టుకున్నా."

అతను గుడ్డ వదిలేశాడు. తమ్ముణ్ని బండిలో పడుకోబెట్టుకుని ఆస్పత్రికి తోలుకుపోయాడు. బండి కదిలాక గట్టుమీద మిగిలినవాళ్లు నా చేతికేసి చూస్తూ నిలబడ్డారు. దాన్ని మళ్లీ పైపంచె కింద పెట్టుకున్నాను.